ధర కాదు, తరుగు చూడండి

నెల ఖర్చు తగ్గించాలి అనుకోగానే చాలామంది చేసే మొదటి పని ధరలు పోల్చడం. ఏ సూపర్‌మార్కెట్లో కందిపప్పు కిలోకు ఐదారు రూపాయలు తక్కువ, ఏ యాప్‌లో నూనె ప్యాకెట్ మీద తగ్గింపు, ఏ వారం కూరగాయల మీద ఆఫర్ అని వెతకడానికే ఓపికంతా అయిపోతుంది. అలా మిగిలిన నలభై రూపాయలు ఫ్రిజ్‌లో కుళ్లిన కొత్తిమీర కట్టలోనో, పురుగు పట్టి పారబోసిన రవ్వలోనో కలిసిపోతాయి. ఇంటి ఖర్చులో పెద్ద కన్నం ధర దగ్గర లేదు, తరుగు దగ్గర ఉంది. డబ్బు పోసి తెచ్చిన బరువులో కంచంలోకి ఎంత వచ్చింది, గింజగా తొడిమగా తొక్కగా పుచ్చుగా బయటికి ఎంత పోయింది అన్నది చూస్తేనే అసలు ధర తెలుస్తుంది. ధాన్యం కొనేవాడు తరుగు తీయకుండా రైతుకు డబ్బు కట్టడు. బంగారం షాపువాడు తరుగు వేయకుండా బిల్లు రాయడు. వంటింటి లెక్కలో మాత్రం దాన్ని ఎవరూ రాసుకోరు.

చింతపండుతో మొదలుపెడదాం. చింతకాయలో గుజ్జు దాదాపు 55 శాతం, గింజ 34 శాతం, మిగతాది పెంకూ పీచూ. పెంకు తీసి గింజతో అమ్మే చింతపండు కిలో కొంటే, గింజ కొట్టి తీశాక చేతికొచ్చేది 600 గ్రాములకు కాస్త అటూ ఇటూ. గింజతో ఉన్నది కిలో 100 రూపాయలైతే గుజ్జు ధర 160 పడినట్టు. గింజ తీసింది 150కి దొరికితే అదే చవక. 200 చెబితే మాత్రం ఓపికున్నవాళ్లు గింజది తెచ్చుకుని సాయంత్రం పూట కొట్టుకోవచ్చు. గింజతో ఉన్న ధరను 1.6తో గుణించి పోల్చుకోవడమే, ఇందులో ఇంకేం లేదు. కానీ కొట్లో నిలబడి ఆ గుణకారం చేసేవాళ్లు తక్కువ. 100, 150 అని రెండు అంకెలు కనపడగానే చెయ్యి 100 వైపే పోతుంది.

కోడి మాంసం దుకాణంలోనూ ఇదే లెక్క. బోర్డు మీద లైవ్, స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు ధరలుంటాయి. బతికున్న కోడి బరువులో ఈకలు, తల, కాళ్లు, పేగులు, తోలు పోగా మిగిలేది మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ, 65 శాతం అనుకోండి. లైవ్ 130 ఉంటే స్కిన్‌లెస్ అసలు ధర 200. దాని మీద దుకాణదారుడు 20 రూపాయలు వేసుకుంటే కూలి, అద్దె కింద న్యాయమే. 60 వేసుకుంటే ఇంకో దుకాణం చూసుకోవాలి. పచ్చి రొయ్యలు తలా పెంకూ వొలిస్తే బరువు దాదాపు సగమైపోతుంది కాబట్టి, వొలిచిన రొయ్యల ధర రెట్టింపు లోపుంటే నోరు మూసుకుని కొనెయ్యొచ్చు. చేపల దగ్గర మాత్రం ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కాటా వేశాక శుభ్రం చేస్తారా, శుభ్రం చేశాక కాటా వేస్తారా? పొలుసు, మొప్పలు, పొట్ట తీసేసి తలకాయ కూడా వద్దంటే శీలావతిలో మిగిలేది 60 శాతం చిల్లరే. తల పులుసులో వేసుకునేవాళ్లకు ఆ తరుగు సగం తగ్గుతుంది.

కూరగాయల్లో బఠాణీ అన్నిటికన్నా మోసం చేస్తుంది. కాయలు కిలో వొలిస్తే గింజలు 400 గ్రాములు వస్తే గొప్ప. చలికాలంలో కాయ కిలో 40 ఉన్నప్పుడు వొలుచుకుని ఫ్రీజర్లో పెట్టుకోవడం గిట్టుబాటే. 80 ఉన్నప్పుడు మాత్రం, నాలుగు వందల లోపు గ్రాముల కోసం అంత పెట్టేకంటే ఎండు బఠాణీ రాత్రి నానబెట్టుకోవడం మేలు. బీరకాయ చెక్కుతో పచ్చడి, తోటకూర కాడలతో పులుసు, అరటికాయ తొక్కతో వేపుడు పూర్వం ఇళ్లలో పీనాసితనం వల్ల పుట్టినవి కావు. లేత బీరకాయకు చెక్కు తీసి పారేస్తే కొన్న బరువులో ఐదో వంతు చెత్తబుట్టలోకి పోయినట్టే, అది తెలిసినవాళ్లు కనిపెట్టిన వంటలవి. ముదురు కాయ చెక్కు పీచు పీచుగా ఉంటుంది, దాన్ని వదిలేయండి.

రైతుబజార్ల విషయంలో ఒక మాట. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మొదలైనప్పటి నుంచీ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసే పద్ధతి ఉంది. ముందు ఆ బోర్డు చూసి లోపలికెళ్తే బేరం ఆడాల్సిన అవసరమే ఉండదు. సాయంత్రం వెళ్తే చవకగా ఇస్తారని చాలామంది పొద్దుగూకాక వెళ్తారు. దుంపలకు, గుమ్మడికి, దోసకాయకు అది మంచి ఉపాయం. ఆకుకూరలకు శుద్ధ దండగ. పొద్దున కోసిన పాలకూర సాయంత్రానికి వాడిపోతుంది, సగం ధరకు తెచ్చినా మర్నాటికి సగం ఆకు పసుపు తిరుగుతుంది. ఆకు పొద్దున కొనాలి, దుంప సాయంత్రం కొనాలి.

ఇక ఏడాది సరుకు. చవకైన కాలంలో కొని దాచుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు, కానీ ఏది దాచాలో ఏది దాచకూడదో అన్న తెలివి అపార్టుమెంట్లలోకి వచ్చేసరికి పల్చబడింది. కందులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేతికొస్తాయి, కాబట్టి కొత్త కందిపప్పు ధర మామూలుగా తగ్గేది జనవరి, మార్చి మధ్య. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది కూడా అప్పుడే మార్కెట్లోకొస్తుంది. గుంటూరు యార్డుకు మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య. నిజామాబాద్, దుగ్గిరాల పసుపు, కొత్త చింతపండు కూడా దాదాపు అదే వేళకు. అందుకే వెచ్చాలకు పెద్ద ఖర్చు పెట్టాల్సిన నెలలు మార్చి, ఏప్రిల్. ఎండలు కూడా అప్పుడే ముదురుతాయి, ఆరబెట్టడానికి వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు. దసరాకో దీపావళికో ఆఫర్లు చూసి ఏడాది పప్పు కొనేవాళ్లు తేమ ఎక్కువగా ఉన్న కాలంలో, పాత పంట సరుకును, ఎక్కువ ధరకు కొంటున్నారు.

బియ్యానికి వేరే తిప్పలుంది. వానాకాలం పంట నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. కొత్త బియ్యం చవకే కానీ అన్నం ముద్దవుతుంది. ఆరు నెలలు ఆగితే ఒదుగుతుంది, పొడిగా వస్తుంది, అందుకే పాత బియ్యానికి ధర. కొత్తవి కొని ఇంట్లోనే పాతవి చేసుకుంటే ఆ తేడా మనకే మిగులుతుంది. రోజుకు కిలో వండే ఇంటికి ఏడాదికి 365 కిలోలు, అంటే 26 కిలోలవి పద్నాలుగు బస్తాలు. అన్ని పెట్టే చోటు రెండు గదుల ఇంట్లో ఉండదు. నాలుగు బస్తాలు ముందుగా కొని, ఒకటి అయిపోగానే మరొకటి తెచ్చి వరుస చివర పెట్టుకుంటూ పోతే, మొదటి నాలుగూ అయ్యాక తినే బస్తా ఎప్పుడూ రెండున్నర నెలలకు పైగా ఆరిందే అవుతుంది. బస్తా 26 కిలోలది తీసుకోండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. దాన్ని తప్పించుకోవడానికే మిల్లర్లు 26 కిలోల బస్తా తెచ్చారు. అదే రకం పది కిలోల సంచిలో కొంటే పన్నూ సంచి ఖర్చూ రెండూ మన మీదే.

ఇంతా చేసి పురుగు పడితే మిగిలిందంతా పోతుంది కాబట్టి నిల్వ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బియ్యంలో కనిపించే ముక్కుపురుగు మన ఇంట్లో పుట్టింది కాదు. చాలాసార్లు గింజ లోపల గుడ్డుగా మిల్లు నుంచో గోదాము నుంచో వస్తుంది. వెచ్చదనం, తేమ దొరికితే నెల తిరిగేలోగా గింజ తొలిచి బయటికొస్తుంది. అందుకే కొన్న రోజు శుభ్రంగా ఉన్న బస్తా వానలు పడ్డాక నడవడం మొదలుపెడుతుంది. దీన్ని బట్టి మూడు సంగతులు. కొత్త బస్తా తెచ్చి డ్రమ్ములో అడుగున మిగిలిన పాత బియ్యం మీద పోయకూడదు. అడుగు ఖాళీ చేసి, తుడిచి, ఎండలో పెట్టి, అప్పుడు పోయాలి. బస్తా నేల మీద కాకుండా చెక్క మీద, గోడకు జానెడు ఎడంగా ఉండాలి, ఎందుకంటే చెమ్మ నేల నుంచీ గోడ నుంచీ ఎక్కుతుంది. డబ్బా నిండుగా ఉండాలి. సగం ఖాళీ డ్రమ్ములో ఉండే గాలితో పురుగుకు ఏ లోటూ ఉండదు, కాబట్టి సరుకు తగ్గేకొద్దీ చిన్న డబ్బాలోకి మార్చుకోవాలి.

పురుగు కనపడగానే బియ్యాన్ని తీసుకెళ్లి ఎర్రటి ఎండలో పోస్తారు. పురుగు పోతుంది, నిజమే. దాంతో పాటు గింజ కూడా చిట్లుతుంది, ఆ తర్వాత కడిగినప్పుడు సగం నూకలై అన్నం జావలా వస్తుంది. బియ్యాన్ని నీడలో పల్చగా ఆరబోసి, చాటతో చెరిగి, జల్లెడ పట్టాలి. పప్పులకు మాత్రం ఎండ మంచిదే. బట్ట మీద పల్చగా పోసి రెండు రోజులు ఎండబెట్టాక పూర్తిగా చల్లారనిచ్చి, సాయంత్రం దాటాక డబ్బాకెత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి చెమటగా మారి మూత నుంచి కారుతుంది, పైపొర బూజు పట్టేది అందుకే. వేపాకు విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. పచ్చి రెమ్మలు విరిచి బస్తాలో దోపితే ఆకులోని నీరంతా బియ్యానికే. నీడలో గలగలలాడేలా ఎండిన ఆకునే వేయాలి, అది కూడా పలచని బట్టలో కట్టి, లేకపోతే ఆకు పొడి ఏరుకోవడం ఇంకో పని.

పప్పుల్లో ఏది ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకోవడం తేలిక. పుచ్చు పట్టించే పురుగు గుండు గింజ మీద గుడ్డు పెడుతుంది, దాని లోపలే పెరుగుతుంది. పెసలు, బొబ్బర్లు, సెనగలు, కందులు లాంటి గుండు గింజలకు భయమెక్కువ. బద్దగా విడిపోయి పొట్టు పోయిన కందిపప్పు, పెసరపప్పు వాటికంటే నయం. కాబట్టి ఏడాదికి దాచాలంటే పప్పు దాచండి, గుండు గింజలు రెండు నెలలకు మించి కొనకండి. తప్పక దాచాల్సి వస్తే కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించి ఎండలో ఆరబెట్టాలి. వండే ముందు వేడి నీళ్లతో రెండుసార్లు కడిగితే జిడ్డు పోతుంది. రవ్వ, శనగపిండి, గోధుమపిండి తెచ్చిన వెంటనే గాలి చొరని సంచిలో నాలుగు రోజులు ఫ్రీజర్లో పెడితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే చల్లటి పిండి మీద గాలిలోని తేమ వాలి గడ్డకడుతుంది. ఫ్రీజర్లో చోటు లేకపోతే ఉప్మా రవ్వను దోరగా వేయించి దాచుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది.

మిర్చి తొడిమతోనే కొని తొడిమతోనే దాచాలి. తొడిమ ఊడిన చోట చెమ్మా పురుగూ దూరతాయి. బరువు కోసం నీళ్లు చిలకరించిన కాయ పైకి నిగనిగలాడుతుంది, చేతిలో మెత్తగా వంగుతుంది. ఆరిన కాయ వంచితే విరుగుతుంది, ఊపితే లోపల గింజలు మోగుతాయి. రెండు రోజులు ఎండబెడితే పది కిలోల్లో కిలో తగ్గిపోయిందంటే, ఆ కిలో డబ్బు నీళ్లకు పెట్టినట్టు. కారం మాత్రం మూడు నెలలకు సరిపడానే పట్టించుకోండి. పొడి అయ్యాక వెలుతురు తగిలిన కొద్దీ రంగు పోతుంది. రంగు పోయిందని కూరలో ఇంకో చెంచా వేస్తారు, అదీ తరుగే. చింతపండు ఉప్పు చల్లి జాడీలోనో గాజు సీసాలోనో పెట్టాలి, లోహపు డబ్బాలో పులుపు డబ్బాను తినేస్తుంది. ఏడాదికి నల్లబడితే పాడైందని పారేసేవాళ్లున్నారు. బూజు, పురుగు లేకపోతే ఆ నలుపు వల్ల ఏమీ కాదు, పాత చింతపండు పులుసుకు మరీ బాగుంటుంది.

ఉల్లిపాయ దగ్గర మాత్రం దాచుకోవాలన్న ఉత్సాహం తగ్గించుకోవాలి. సెప్టెంబరు తర్వాత ధర పెరుగుతుందని మే నెలలో యాభై కిలోల బస్తా దించుకుంటే వానలు మొదలవగానే మొలకలొస్తాయి, అడుగువి కుళ్లి పక్కవాటిని కుళ్లబెడతాయి. సరైన గోదాముల్లోనే నెలల నిల్వలో గట్టి తరుగు పోతుంది, మన బాల్కనీ ఎంత? ఏప్రిల్, మే నెలల్లో వచ్చే రబీ గడ్డ, పొరలు ఎండి మెడ మూసుకున్నది, వలసంచిలో వేలాడదీస్తే రెండు నెలలు ఆగుతుంది. పది కిలోలు చాలు. కర్నూలు వైపు నుంచి వానాకాలంలో వచ్చే గడ్డలో నీరెక్కువ, అది రెండు మూడు వారాల సరుకే. బంగాళాదుంపల పక్కన ఉల్లిని పెట్టకండి, రెండూ త్వరగా పాడవుతాయి.

టమాటా దాచలేం, కానీ మానేయొచ్చు. 2023 జూలైలో కిలో వంద దాటి ఇంకా పైకి పోయినప్పుడు కూడా అరకిలో తెచ్చి పప్పులో వేసుకున్నవాళ్లు చాలామంది. మన వంటల్లో టమాటా చేసే పని ముఖ్యంగా పులుపు. పప్పుకు రెండు టమాటాలు ఇచ్చే పులుపు చిన్న ఉసిరికాయంత చింతపండు ఇస్తుంది. మామిడికాయ, చింతచిగురు, గోంగూర, చుక్కకూర ఏ కాలంలో ఏది చవకైతే అది. కూర గుజ్జు కోసం కావాలంటే సొరకాయ తురుము, వేయించిన పల్లీల పొడి ఆ పని చేస్తాయి. ధర 15 రూపాయలకు పడిపోయినప్పుడు నాలుగు కిలోలు కొని ఉప్పేసి ఎండబెట్టుకుంటే నిలవ పచ్చడి.

రేషన్ బియ్యం గురించి నాకో గట్టి అభిప్రాయం ఉంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి అక్కడ తినడానికి పేచీ లేదు. దొడ్డు బియ్యం వచ్చే చోట కిలో పది పదిహేనుకు అమ్మేసి, అదే చేత్తో దోసెల కోసం కిలో యాభై పెట్టి సన్నబియ్యం నానబోసే ఇళ్లున్నాయి. ఇడ్లీకి, దోసెకు, జంతికలకు, అరిసెలకు దొడ్డు బియ్యమే బాగుంటుంది. దోసెకు మూడు పాళ్లు రేషన్ బియ్యం, ఒక పాలు మినపగుళ్లు, చెంచా మెంతులు వేసి రుబ్బి చూడండి. వాటిలో అక్కడక్కడా పసుపు ఛాయతో తేడాగా కనిపించే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యపు పిండితోనే చేసి, వంద కిలోలకు కిలో చొప్పున కలిపిన గింజలు. నీళ్లలో కొన్ని తేలడం కూడా మామూలే.

ప్యాకెట్ల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. లీటరు వంటనూనె బరువు దాదాపు 910 గ్రాములు. అదే సైజు ప్యాకెట్‌లో గ్రాములు తగ్గాయంటే ధర తగ్గినట్టు కాదు. ప్యాకెట్ వెనక గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో వేస్తున్నారు, చూడాల్సింది అదొక్కటే. ఎంఆర్‌పీ మీద 30 శాతం తగ్గింపు అన్న మాటకు పప్పుల్లో అర్థమే లేదు, ఎంఆర్‌పీ వేసేదీ, తగ్గించేదీ అమ్మేవైపువాళ్లే. పెద్దది కొంటే చవక అన్నది కూడా అన్ని చోట్లా నిజం కాదు. షాంపూల్లో చాలా బ్రాండ్లకు రూపాయి, రెండు రూపాయల సాషేలే మిల్లీలీటరు లెక్కన సీసా కన్నా చవక పడతాయి. పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లలో ధర కన్నా హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డరు చార్జీ చూడండి. కరివేపాకు కోసం తెరిచి, ఆ చార్జీ తప్పించుకోవడానికి చిప్స్ ప్యాకెట్ కలిపితే ఆ కరివేపాకు ఖరీదు ఎంత పడిందో మీరే చెప్పాలి.

పాల దగ్గర ఒక అపోహ ఉంది: ఇంట్లో తీసిన నెయ్యి ఉచితమని. ఫుల్‌క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం. లీటరు ఫుల్‌క్రీమ్‌లో 60 గ్రాములకు కాస్త పైగా కొవ్వుంటుంది. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి జాగ్రత్తగా మీగడ తీస్తే అందులో సగం, అంటే 30 గ్రాముల నెయ్యి వస్తుందనుకుందాం. ఆ తర్వాత మిగిలేవి టోన్డ్ పాలలాంటివే. అంటే రెండు రకాల పాలకు లీటరు మీద ఉన్న తేడాయే ఆ 30 గ్రాముల నెయ్యి ధర. తేడా 14 రూపాయలైతే నెయ్యి కిలో 467 పడింది, లాభమే. తేడా 20 అయితే 667, దాని మీద గ్యాసూ మన శ్రమా. మీగడ నిర్లక్ష్యంగా తీసి 20 గ్రాములే వస్తే 14 రూపాయల తేడాకే కిలో 700 అవుతుంది. ఎలాగూ ఫుల్‌క్రీమ్ తాగే ఇంట్లో నెయ్యి తీయడం బాగుంటుంది, నెయ్యి కోసమని ఫుల్‌క్రీమ్ మొదలుపెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి. మీగడ వారం దాటి పోగేస్తే చేదెక్కుతుంది. తోడేసి, చల్లగా ఉండగానే ఐసు నీళ్లు పోసి చిలికితే వెన్న ముద్దగా చేరుతుంది. గది వేడిలో చిలికితే సగం మజ్జిగలోనే ఉండిపోతుంది. పెరుగు లెక్క సులువు: లీటరు పాలకు దాదాపు కిలో పెరుగు, ప్యాకెట్ పెరుగు కొనడానికి కారణమే లేదు.

మాంసకృత్తుల లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. కందిపప్పులో 22 శాతం, కిలో 130 అనుకుంటే గ్రాముకు 60 పైసలు. మీల్‌మేకర్‌లో 50 శాతం పైన, కిలో 150 అయితే 30 పైసలు. గుడ్డులో ఆరు గ్రాములు, ఏడు రూపాయలైతే గ్రాముకు రూపాయి పైచిలుకు. పన్నీరులో 18 శాతం చిల్లర, కిలో 400 అయితే రెండు రూపాయల పైన. పన్నీరు రుచి కోసం తినండి, పిల్లలకు బలమని మాత్రం కొనొద్దు.

చివరగా పొయ్యి. గృహ వినియోగ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు ఉండాలి. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే కొట్టి ఉంటుంది, దానికి 14.2 కలిపితే కాటా మీద చూపాల్సిన బరువు. తెచ్చినవాణ్ణి తూచి చూపించమని అడగడం మన హక్కు. కందిపప్పు అరగంట నానబెట్టడం, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించడం, గిన్నె అడుగు దాటి మంట పైకి పాకకుండా చూసుకోవడం, బర్నరు చిల్లులు నెలకోసారి పిన్నుతో పొడిచి మంట పసుపు లేకుండా నీలంగా ఉంచుకోవడం, ఇవన్నీ తెలిసినవే. ఇండక్షన్ స్టవ్‌కు మారిపోతే చవక అన్న ప్రచారం మాత్రం అందరికీ వర్తించదు.

14.2 కిలోల గ్యాసులో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. మామూలు బర్నరులో 65 శాతం గిన్నెకు చేరుతుందనుకుంటే 117. ఇండక్షన్ 85 శాతం అందిస్తే, ఒక సిలిండర్ పనికి 138 యూనిట్లు కావాలి. సిలిండర్ 900 అయితే యూనిట్ ఆరున్నర రూపాయల లోపు పడేవాళ్లకే ఇండక్షన్ లాభం. ఇప్పుడు శ్లాబు చూడండి. 2022లో సవరించిన తెలంగాణ టారిఫ్ ప్రకారం నెలకు 190 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు చార్జీ 772 రూపాయలు. ఇండక్షన్‌తో 40 యూనిట్లు పెరిగి 230 అయితే మొదటి 200 యూనిట్ల ధరే మారిపోయి 1,251 అవుతుంది. ఆ 40 యూనిట్లు మిగిల్చిన గ్యాసు విలువ 260, కట్టింది 479. ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులు మెట్టుమెట్టుగా ఉండడంతో అదే 40 యూనిట్లకు 254 పడుతుంది, సర్దుబాటు చార్జీలు కలిస్తే ఆ ఆరు రూపాయల లాభం కూడా మిగలదు. తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లు 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. అయిదు వందలకు సిలిండర్ వచ్చేవాళ్లకైతే యూనిట్ మూడున్నర రూపాయలు దాటగానే ఇండక్షన్ నష్టం. వంద యూనిట్ల లోపు వాడే ఒంటరి గదులకు, మిద్దె మీద సోలార్ పెట్టుకుని పగటి పూట వండుకునేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. మిగతావాళ్లు ఇండక్షన్‌ను టీకి, నీళ్లు కాచుకోవడానికి వాడుతూ, బిల్లు తీసిన రోజు మీటరు అంకె గోడ క్యాలెండర్ మీద రాసుకుని, ఇరవయ్యో రోజున మళ్లీ చూసుకోవాలి. అప్పటికే వాడకం 130 యూనిట్లు దాటి ఉంటే ఆ నెల మిగతా పది రోజులూ గ్యాసు మీదే.